తేలిక గుడారం: బరువు ఎటు పోయింది?

గత సంవత్సరం మే నెలలో ఒకరాత్రి ఇషా నమాజు ముగించుకుని ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతున్నాను. అమెరికా నుంచి మా మేనల్లుడి ఫోను. సియాటిల్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. సలాం, కుశల ప్రశ్నలు అయ్యాక, "మామూ, ఒక మస్‌అలా అడగాలి. నవ్వకూడదు" అన్నాడు. ఏ జకాత్ సంగతో, బ్యాంకు వడ్డీ సంగతో అనుకున్నాను. వాడు అడిగింది గుడారం సంగతి!

రెండు గుడారాలు చూశాడట. రెండూ ఒక్క మనిషికి సరిపోయేవే. ఒకటి అరకిలో కూడా తూగదు, ధర సుమారు 700 డాలర్లు. రెండోది 800 గ్రాములు, ధర 250 డాలర్లు. ఆగస్టు నెలలో మౌంట్ రైనియర్ అనే మంచుకొండ చుట్టూ ఉన్న కాలిబాటలో ఒంటరిగా నడవాలని వాడి సంకల్పం. "బరువు తగ్గించుకోవడానికి అంత డబ్బు పెట్టడం ఇస్రాఫ్ అవుతుందా, అవసరం అవుతుందా?" ఇదీ ప్రశ్న.

మరుసటి రోజు పొద్దున్నే గుంటూరు నుంచి మా ఆపా ఫోను చేసింది. ఆమెకు గుడారం తూకంతో పని లేదు. "నీ మాటైతే వింటాడు. అసలు వెళ్ళవద్దని చెప్పు తమ్ముడూ" అంది. బావగారు పోయిన తర్వాత ఆ ఇంటి బరువంతా ఒంటిచేత్తో మోసిన మనిషి. వాడి చదువు కోసం తెచ్చిన అప్పు ఇంకా 14 నెలలు కట్టాల్సి ఉంది.

ఒకే విషయం మీద ఇద్దరు రెండు ప్రశ్నలు వేశారు. మొదట అవి వేరువేరు ప్రశ్నలే అనుకున్నాను. కొన్ని రోజులు ఆలోచించి, కొంత చదివి చూస్తే రెండూ ఒకటేనని తోచింది. ఆ ఆలోచననే పాఠకుల ముందు పెడుతున్నాను.

ముందు ఈ వ్యవహారం ఏమిటో తెలియాలి కదా! అమెరికాలో వీపున సంచి తగిలించుకుని అడవుల్లో, కొండల్లో రోజుల తరబడి నడవడం ఒక పెద్ద అలవాటు. అందులో 'అల్ట్రాలైట్' అనే ఒక మార్గం ఉంది. తిండి, నీళ్ళు, పొయ్యిలో ఇంధనం మినహాయించి మిగిలిన సామానంతా పది పౌన్ల లోపు, అంటే సుమారు నాలుగున్నర కిలోల లోపు ఉండాలన్నది వారి లెక్క. సంచి, పడక, గుడారం, వానకోటు, గిన్నె అన్నీ అందులోనే. టూత్‌బ్రష్ పిడి విరగ్గొట్టి సగం తీసుకెళ్ళేవారు కూడా ఉన్నారు. ఇందులో గుడారానిది పెద్ద వాటా. కాబట్టి అందరి చూపూ ముందు దాని మీదనే పడుతుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. లండన్‌లో హోల్డింగ్ అనే ఒక దర్జీ 1898లోనే సైకిలు మీద గుడారం వేసుకుని తిరగడం గురించి పుస్తకం రాశాడు, 1908లో మరొక పెద్ద పుస్తకం తెచ్చాడు. గుడ్డ బరువు దర్జీకి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది! ఆ తర్వాత 1990లలో రే జార్డిన్ అనే అమెరికన్ దీనికి ప్రచారం తెచ్చాడు. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా సాగే పసిఫిక్ క్రెస్ట్ బాటను భార్యతో కలిసి పలుమార్లు నడిచి, గుడారం మానేసి ఒక పల్చని పైకప్పు గుడ్డ చాలునని, దాన్ని కూడా ఇంట్లోనే కుట్టుకోవచ్చునని చెప్పాడు.

కాని నన్ను ఆకట్టుకున్నది వీరిద్దరూ కాదు, ఒక ముసలమ్మ. పేరు ఎమ్మా గేట్‌వుడ్. పదకొండు మంది బిడ్డల తల్లి, మనవలను ఎత్తిన అమ్మమ్మ. భర్త చేతిలో ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్న స్త్రీ. 1955లో, తన 67వ ఏట, అలా నడిచి వస్తానని పిల్లలతో చెప్పి బయలుదేరింది. జార్జియా రాష్ట్రం నుంచి మేన్ రాష్ట్రం దాకా రెండు వేల మైళ్ళకు పైబడిన అప్పలేచియన్ బాటను 146 రోజుల్లో ఒంటరిగా పూర్తి చేసింది. కాళ్ళకు మామూలు కాన్వాసు బూట్లు. భుజాన తానే కుట్టుకున్న గుడ్డసంచి. అందులో ఒక సైనిక దుప్పటి, ఒక వానకోటు, గుడారానికి బదులు స్నానాల గదిలో కట్టుకునే ప్లాస్టిక్ తెర!

ఈ కథ చెప్పుకునేవారు సాధారణంగా ఇక్కడితో ఆపుతారు. చూశారా, ఏమీ లేకుండా వెళ్ళింది అంటారు. మిగతా కథ కూడా వినాలి. 1954లో ఆమె మొదటిసారి ప్రయత్నించినప్పుడు దారి తప్పింది, కళ్ళజోడు పగిలింది, అటవీ సిబ్బంది ఆమెకు సాయపడి ఇంటికి వెళ్ళమని చెప్పారు. 1955లో కూడా ఎన్నో రాత్రులు దారిలో ఉన్న ఇళ్ళ తలుపులు తట్టింది. కొందరు అన్నం పెట్టి మంచం వేశారు, కొందరు వరండా చూపించారు, కొందరు తలుపు వేసేశారు. ఆమె సంచి తేలికగా ఉండడానికి ఆ ఇళ్ళ గోడలు, ఆ పొయ్యిలు, ఆ దుప్పట్లు కూడా కారణమే. గుడారం ఆమె సంచిలో లేదన్నది నిజమే. కాని అది ఎక్కడో ఒకచోట ఉంది.

ఇక్కడే నాకు అసలు ప్రశ్న దొరికింది. సంచిలోంచి ఒక బరువు తీసేశాం. ఆ బరువు మాయమైపోయిందా, లేక ఎటో వెళ్ళి ఎవరి మీదనో కూర్చుందా?

గుడ్డతోనే మొదలుపెడదాం. గుడారం గుడ్డ పల్చదనాన్ని 'డెనియర్' అనే లెక్కతో చెబుతారు. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంటే 15 డెనియర్ గుడ్డలోని దారం తొమ్మిది కిలోమీటర్లు సాగదీసినా 15 గ్రాములే! అరకిలో గుడారాలను ఇంతకంటే వేరే రకం గుడ్డతో చేస్తారు. దాని పేరు డైనీమా. మొదట పందెపు పడవల తెరచాపల కోసం తయారైన రకం ఇది. బలమైన పాలిథిలిన్ పోగులను రెండు పల్చని పొరల మధ్య పరచి అతికిస్తారు. నీరు పీల్చదు, తడిసినా సాగదు. నైలాను గుడారమైతే వానలో తడిసి సాగి వేలాడుతుంది, అర్ధరాత్రి లేచి తాళ్ళు మళ్ళీ బిగించాలి. పాలియెస్టర్‌కు ఆ బెడద తక్కువ.

మరి ఇంత మంచి గుడ్డలో లోపమేమిటి? లాగితే తెగనిది రాయికి రాసుకుంటే అరుగుతుంది, ముల్లు గుచ్చుకుంటే చిల్లు పడుతుంది. మడిస్తే చిన్నగా ఒదగదు. అన్నిటికంటే, చాలావరకు ఇది అద్దంలా కాకపోయినా బట్టర్ పేపరులా ఉంటుంది. రాత్రి లోపల దీపం వెలిగిస్తే బయటివారికి మనిషి నీడ కనిపిస్తుంది. ముప్పై గ్రాములు తగ్గించడం కోసం పరదాను తగ్గించుకున్నట్టే. మా వాడు దీన్ని గమనించనే లేదు. నేను చెప్పాక కాసేపు మాట్లాడలేదు.

ఇక గుడారం లోపల కర్రలు కూడా తీసేశారు. నడకకు వాడే రెండు చేతికర్రలనే నిలబెట్టి దాని మీద గుడ్డను కడతారు. తెలివైన ఏర్పాటే, కాదనను. అయితే అలాంటి గుడారం తనంతట తాను నిలబడదు, మేకులు దిగే నేల ఉంటేనే నిలుస్తుంది. బండరాతి మీద, వదులు ఇసుకలో దాన్ని నిలబెట్టాలంటే నేర్పు కావాలి. రెండు పొరలకు బదులు ఒకే పొర పెట్టారు. మనిషి నిద్రలో వదిలే ఊపిరిలో, చెమటలో ఉన్న తేమ రాత్రి గడిచేసరికి గ్లాసుడు నీటికి తక్కువ కాదు. ఆ తేమ చల్లని గుడ్డకు తగిలి బొట్లు బొట్లుగా పేరుకుంటుంది. రెండు పొరలుంటే అది బయటి పొరకే అంటుకుని జారిపోతుంది. ఒక్క పొరే అయితే పక్కకు తిరిగినప్పుడల్లా పడక తడుస్తుంది. ఆ తడిని తుడవడం, గాలి ఆడేలా తలుపు తెరిచి ఉంచడం, వాగు పక్కన పల్లంలో వేయకుండా చెట్ల కింద కాస్త మెరక మీద వేయడం, ఇవన్నీ మనిషి నేర్చుకోవాలి. గుడ్డలోంచి తీసేసిన బరువు ఇక్కడ నేర్పు రూపంలో మనిషి నెత్తికెక్కుతోంది. నేర్పు ఉన్నవాడికి అది బరువు కాదు. లేనివాడికి, చీకటిపడి వాన మొదలయ్యాక, చాలా బరువు.

ధర సంగతి సరేసరి. ఎమ్మా గేట్‌వుడ్ తెర సామాన్యుల ఇంట్లో ఉండే వస్తువు. ఈనాటి తేలిక అంగట్లో కొనుక్కునే తేలిక. మూడు వందల గ్రాముల తేడాకు నాలుగు వందల యాభై డాలర్లు! మన రూపాయల్లో 38 వేల పైమాటే. వాడి అప్పు వాయిదా కంటే ఎక్కువ. సంచిలో తగ్గిన బరువు అప్పు పద్దులో చేరి కూర్చుంది.

ఇంకొక్క మాట, వ్యాపారుల గురించి. ప్రకటనలో రాసే తూకం చాలాసార్లు గుడారం గుడ్డది మాత్రమే. మేకులు, తాళ్ళు, పెట్టుకునే సంచి కలిపితే వంద గ్రాములకు పైన తేడా వస్తుంది. కొందరు రెండు తూకాలూ నిజాయితీగా ప్రచురిస్తారు, కొందరు చిన్నక్షరాల్లో దాస్తారు. కొలతల్లో, తూనికల్లో మోసం చేసేవారి గురించి దివ్యఖుర్ఆన్‌లో ఒక సూరాయే ఉందని మన పిల్లలకు తెలుసు. తక్కువ తూచడం ఎప్పుడూ కొనేవాడిని మోసగించేదే అనుకుంటాం. ఇక్కడ తక్కువ తూకమే కొనేవాడికి కావలసింది! అందుకే వాడు అడగడు, వీడు చెప్పడు. ఇంట్లో వంటింటి త్రాసు మీద మేకులతో సహా తూచిన తర్వాతనే నాకు లెక్క చెప్పమన్నాను.

మన హాజీలకు గుడారం అనగానే మినా గుర్తొస్తుంది. 1997 ఏప్రిల్ 15న అక్కడ నిప్పంటుకుని, ఈదురుగాలికి వ్యాపించి, అధికారిక లెక్క ప్రకారమే 343 మంది యాత్రికులు చనిపోయారు. దాదాపు 70 వేల గుడారాలు బూడిదయ్యాయి. మృతుల్లో మన ఉపఖండం వారు చాలామంది. ఆ తర్వాతే సౌదీ ప్రభుత్వం నిప్పంటని గాజునారతో, టెఫ్లాన్ పూతతో శాశ్వత గుడారాలు నిలబెట్టింది, గ్యాసు పొయ్యిలను నిషేధించింది. ఆ గుడారాలను ఎవరూ వీపున మోయరు గనుక బరువు లెక్కలేదు. వీపున మోసేదానికి ఆ వీలు లేదు. నైలాను, పాలిథిలిన్ వేడికి కరిగిపోయే పదార్థాలు. నిప్పంటకుండా పూసే రసాయనాన్ని కూడా చాలామంది చిన్న తయారీదారులు వదిలేస్తారు. అందువల్ల చలి వేసినా, వాన కురిసినా గుడారం లోపల పొయ్యి వెలిగించనని వాడి చేత మాట తీసుకున్నాను. నిప్పు ఒకటే కాదు, పొయ్యి నుంచి వచ్చే విషవాయువుకు వాసన కూడా ఉండదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. 2007 డిసెంబరులో అల్లాహ్ దయతో హజ్‌కు వెళ్ళే భాగ్యం కలిగింది. తోటివారు పెద్ద పెద్ద పెట్టెలు మోస్తుంటే నేను చిన్న సంచితో బయలుదేరాను. లోలోపల కాస్త గర్వం కూడా ఉంది. ఇంత సామాను ఏమిటి, దైవ సన్నిధికి వెళ్ళేవారికి ఇన్ని తాపత్రయాలా అని మనసులో అనుకున్నాను. అరఫాత్ ముగించుకుని ముజ్దలిఫా చేరాం. అక్కడ గుడారాలుండవు. ఆకాశం కింద, గులకరాళ్ళ నేల మీద పడక. అర్ధరాత్రి దాటాక చలి మొదలైంది. ఒంటి మీద ఇహ్రామ్ వస్త్రాలు తప్ప ఏమీ లేవు. నా పక్కన కడప జిల్లా పెద్దాయన ఒకరు చాప పరిచి, దుప్పటి కప్పుకుని పడుకున్నారు. నేను వణకడం చూసి లేచారు. ఏమీ అనలేదు. చాప మీద నన్ను పడుకోబెట్టి, దుప్పటి నా మీద వేసి, తాను పై వస్త్రం చుట్టుకుని కూర్చున్నారు. ఫజ్ర్ దాకా అలాగే కూర్చున్నారు. ఆయన వయసు డెబ్బై దాటి ఉంటుంది. నేను నిద్రపోయాను కూడా!

ఆ దుప్పటిని ఆయన కడప నుంచి మోసుకొచ్చారు. నా సంచి తేలికగా ఉందని నేను మురిసిపోతున్న అన్ని రోజులూ నా దుప్పటి ఆయన సంచిలో ఉందన్నమాట.

తర్వాత చదువుతుంటే ఒక విషయం తెలిసింది. బుఖారీ హదీసు గ్రంథంలో ఇబ్నె అబ్బాస్ (రజి) గారి ఉల్లేఖనం ఉంది. పూర్వం యెమెన్ వాసులు కొందరు దారి బత్తెం తీసుకోకుండా హజ్‌కు బయలుదేరేవారట. మేము అల్లాహ్‌ను నమ్ముకున్నవాళ్ళం అని చెప్పుకునేవారట. మక్కా చేరాక జనం దగ్గర చేయి చాచేవారట. ప్రయాణానికి సామగ్రి తీసుకెళ్ళమని ఆదేశించే బఖరా సూరా ఆయతు ఆ సందర్భంలోనే అవతరించింది. ఇన్నేళ్ళు ఆ ఆయతు చదువుతూ కూడా అందులో నేనున్నానని గ్రహించలేదు! వాళ్ళ తప్పు తేలికగా వెళ్ళడం కాదు. తమ బరువును ఇతరుల మీద వేసి, దానికి తవక్కుల్ అనే గొప్ప పేరు పెట్టుకోవడం. ఒంటెను కట్టేసి ఆ తర్వాత దైవాన్ని నమ్ముకోమన్న ప్రవక్త (సఅసం) బోధన తిర్మిజీలో ఉంది. తాడు కూడా బరువే కదా!

అలాగని బరువు మోయడమే పుణ్యం అనుకోకూడదు. నహ్ల్ సూరాలో అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తుచేస్తూ పశువుల చర్మాలతో చేసుకునే నివాసాలను, ప్రయాణమప్పుడూ మజిలీ చేసినప్పుడూ అవి తేలికగా ఉండడాన్ని పేర్కొన్నాడు. అంటే తేలికదనం ఒక వరం. అరబ్బు సంచార జాతుల మేకవెంట్రుకల నల్ల గుడారం సంగతి చూడండి. స్త్రీలు నేసేవారు. వదులు నేత గనుక ఎండాకాలం గాలి ఆడుతుంది. వాన పడితే పోగులు ఉబ్బి సందులు మూసుకుంటాయి. మనిషి ఒక్కడు ఎత్తలేనంత బరువు. కాని ఒంటెకు అది తేలిక. తేలిక అన్నది మోసేవారిని బట్టి ఉంటుంది. అందుకే మోసేది ఎవరని ముందు అడగాలి.

ఈ మాటలన్నీ ఫోనులో మా వాడితో అన్నాను. వాడు ఓపికగా విన్నాడు. విని ఒక మాట అన్నాడు. ఆ మాటకు నాకు వెంటనే జవాబు దొరకలేదు.

"మామూ, మీ లెక్క ప్రకారం ఎవరూ ఇల్లు కదలకూడదు. ఎంత మోసినా ఎవరో ఒకరు మన బరువు మోస్తూనే ఉంటారు. నేను రెండు కిలోల గుడారం తీసుకెళ్ళినా కాలు విరిగితే నన్ను మోసుకొచ్చేవాళ్ళు కావాలి. ఇంకా చెప్పాలంటే, ఎక్కువ బరువుతోనే కాలు విరుగుతుంది. 150 కిలోమీటర్ల దారి, అన్ని ఎక్కుళ్ళూ కలిపితే 22 వేల అడుగులు. తేలికగా వెళ్ళడమే అక్కడ జాగ్రత్త."

న్యాయమైన మాట. బరువు మోకాళ్ళ మీద, దిగుళ్ళలో పడే అడుగు మీద ఎలా పడుతుందో నాకూ తెలుసు. దాని మీద రెండు రోజులు ఆలోచించాను. నాకు తోచింది ఇది. ఎమ్మా గేట్‌వుడ్ తలుపు తట్టి అడిగింది. ఇంటివారికి కాదనే వీలుంది, కొందరు కాదన్నారు కూడా. ఆమె తన అవసరాన్ని దాచలేదు. ముజ్దలిఫాలో నేను ఎవరినీ అడగలేదు. ఆ విషయంలో గర్వపడ్డాను కూడా. కాని ఆ పెద్దాయనకు కాదనే వీలు నేను మిగల్చలేదు. పక్కన మనిషి వణుకుతుంటే విశ్వాసి ఎలా నిద్రపోతాడు? అడగకపోవడం అన్నిసార్లూ ఆత్మాభిమానం కాదు. ఒక్కోసారి అది అడగడం కంటే ఎక్కువ తీసుకోవడం.

అమెరికాలో కొండల్లో చిక్కుకున్నవారిని వెతికేవారిలో చాలామంది జీతం తీసుకోని వాలంటీర్లు. పగలు ఉద్యోగం చేసుకుని, పిలుపు రాగానే రాత్రి వానలో బయలుదేరేవారు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోనైతే నిర్లక్ష్యం వల్ల ఆపదలో పడినవారి నుంచి గాలింపు ఖర్చు రాబట్టే చట్టమే ఉంది. మా వాడుండే సియాటిల్‌లోని మౌంటెనీర్స్ అనే సంఘం కొండలెక్కేవారికి తప్పనిసరి సామగ్రి పది అని దశాబ్దాల క్రితమే జాబితా చేసింది. దిక్సూచి, దీపం, మందులు, అదనపు బట్టలతోపాటు అత్యవసర ఆశ్రయం కూడా అందులో ఒకటి. ఆ పదిలో ఏది తీసేసినా తీసేసినంత బరువు ఆ వాలంటీరు వీపు మీదకు చేరుతుంది. ఆ వాలంటీరు ఎవరో మా వాడికి తెలియదు. తెలియని మనిషి గనుకనే ఆ బరువు వేయడం సులువు.

కాలు విరగడం మన చేతిలో లేదు. విరిగితే ఏమిటి అని ముందు ఆలోచించామా లేదా అన్నది మన చేతిలో ఉంది. వాడితో అంతే అన్నాను.

ఇక ఆపా ప్రశ్న. ఒంటరి ప్రయాణం గురించి, ముఖ్యంగా రాత్రివేళ ఒంటరిగా వెళ్ళడం గురించి, ప్రవక్త (సఅసం) హెచ్చరించినట్లు బుఖారీలో ఉంది. దాని ఉద్దేశం భద్రత అని, దారి సురక్షితమైతే అభ్యంతరం లేదని చెప్పిన పండితులూ ఉన్నారు. ఫత్వా ఇచ్చే అర్హత నాకు లేదు. నమాజు ఖస్ర్ సంగతి, నడుము ఎత్తు గుడారంలో నిలబడలేనప్పుడు ఏం చేయాలన్న సంగతి అక్కడి ఆలిమ్‌గారినే అడగమన్నాను. ఆ బాట సంగతి వాకబు చేస్తే, 1915లో వేసిన పాత దారి, విడిది చోట్లు ముందే నిర్ణయించి ఉంటాయి, అనుమతి పత్రం లేనిదే రాత్రి ఉండనివ్వరు, వేసవిలో మనుషులు తిరుగుతూనే ఉంటారు అని తెలిసింది. ఎడారిలో ఒంటరి రాత్రి లాంటిది కాదు.

కాని ఆపా భయం ఆ వివరాలతో తీరేది కాదు. ఆ పది రోజులు ఆమె ఏం మోస్తుందో వాడి త్రాసు తూచదు. అన్నం ముద్ద దిగదు, నిద్ర పట్టదు, తస్బీహ్ చేతిలో ఉన్నా ఫోను మీదనే చూపు. వాడు మానేస్తే ఆ బరువు దిగుతుంది. అప్పుడు వాడి మనసు మీద మరొకటి ఎక్కుతుంది. మూడేళ్ళుగా కంప్యూటరు ముందు కూర్చుని, అప్పు తీరుస్తూ, ఇంటికి పంపుతూ, తనకంటూ ఏమీ కోరని పిల్లవాడు. మొదటిసారి ఒకటి కోరాడు. వద్దని చెప్పమన్న ఆపా మాటను నేను పూర్తిగా నెరవేర్చలేకపోయాను. అది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు. "నువ్వు మోసేదాన్ని అమ్మీకి చెప్పి, ఆమె మోసేదాన్ని అడిగి తెలుసుకుని, అప్పుడు నిర్ణయించుకో" అని మాత్రం అన్నాను.

తల్లీకొడుకులు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. రెండు గంటలు మాట్లాడుకున్నారని మాత్రం తెలుసు.

వాడు 800 గ్రాముల రెండు పొరల పాలియెస్టర్ గుడారమే కొన్నాడు. మేకులతో కలిపి వంటింటి త్రాసు మీద 920 గ్రాములు తూగింది. అపార్టుమెంటు వెనక పచ్చికలో వాన రాత్రి చూసుకుని మరీ వేసి పడుకున్నాడు. మొదటి రాత్రే పల్లంలో వేశాడు, తెల్లారేసరికి అడుగున నీళ్ళు. రెండోసారి మెరక మీద వేశాడు. మూడోసారి చీకట్లో, దీపం లేకుండా వేయడం నేర్చుకున్నాడు.

వంద గ్రాముల వస్తువు ఒకటి అదనంగా కొన్నాడు. అరచేతిలో ఇమిడేంత చిన్న యంత్రం. సెల్‌ఫోను సిగ్నలు లేనిచోట కూడా ఉపగ్రహం ద్వారా నాలుగు మాటలు పంపుతుంది, ఆపదలో ఒక మీట నొక్కితే సాయం కోరుతుంది. దాని ధర, నెలవారీ చందా కలిపితే మొత్తం ఖర్చు దాదాపు ఆ అరకిలో గుడారం ధరకే చేరింది! "మరి ఇది ఇస్రాఫ్ కాదా మామూ?" అని నవ్వాడు. "ఇది నీ సామాను కాదురా, అమ్మీ సామాను. నువ్వు మోస్తున్నావు, అంతే" అన్నాను.

ఆగస్టులో బయలుదేరాడు. అక్కడ సాయంత్రం గుడారం వేసుకుని వాడు మీట నొక్కితే ఇక్కడ మనకు మరుసటి రోజు పొద్దున ఏడు, ఏడున్నర. ఫజ్ర్ తర్వాత ఆపా టీ పెట్టుకుని ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చునేది. అయిదు రోజులు వేళ తప్పకుండా వచ్చింది. ఆరో రోజు ఎనిమిదైనా రాలేదు. తొమ్మిదయింది, పది అయింది. నాకు మూడుసార్లు ఫోను చేసింది. దట్టమైన చెట్ల కింద ఉంటే సందేశం ఆలస్యమవుతుందని వాడు చెప్పిన మాటే మూడుసార్లూ చెప్పాను. మూడోసారి చెప్పేటప్పటికి నాకే ఆ మాట మీద నమ్మకం సడలింది. లేచి వుజూ చేసుకుని రెండు రకాతులు చదివాను.

పదకొండు దాటాక మళ్ళీ ఆపా ఫోను. ఎత్తాను. అటునుంచి మాట లేదు. వెనక కుక్కరు ఈల వినిపించింది, గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడు వినిపించింది. "వచ్చిందా ఆపా?" అని అడిగాను.

"ఊఁ" అంది. "వాన పడుతోందట. లోపలికి నీళ్ళు రాలేదట."